టెర్మినల్‌లో హిస్టరీ సజెషన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

టెర్మినల్‌లో రెండక్షరాలు కొట్టగానే మిగతా కమాండ్ లేత బూడిద రంగులో కనిపిస్తుంటే, పక్కవాళ్లు "అది నాకెందుకు రావట్లేదు?" అని అడుగుతారు. వచ్చేవాళ్లు "దీన్ని ఆపడం ఎలా?" అని అడుగుతారు. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాను. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మాత్రం మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

## పెట్టుకునే ముందు

ఈ బూడిద రంగు టెక్స్ట్ ఎక్కడి నుంచి వస్తోంది? నేను కొట్టేవన్నీ ఇంటర్నెట్‌లోకి వెళ్తున్నాయా?

వెళ్లట్లేదు. మీరు ఇంతకుముందు నడిపిన కమాండ్లను షెల్ (టెర్మినల్‌లో మీ కమాండ్లు అందుకుని నడిపే ప్రోగ్రామ్; బ్యాష్, జెడ్‌షెల్ అంటే జెడ్‌ఎస్‌హెచ్, ఫిష్ లాంటివి) మీ హోమ్ ఫోల్డర్‌లోనే ఒక ఫైల్‌లో రాసుకుంటుంది. బ్యాష్‌కి అది 'డాట్ బ్యాష్ అండర్‌స్కోర్ హిస్టరీ'. జెడ్‌షెల్ వాడేవాళ్లు సాధారణంగా 'డాట్ జెడ్‌ఎస్‌హెచ్ అండర్‌స్కోర్ హిస్టరీ' అని పెట్టుకుంటారు. ఫిష్ అయితే 'డాట్ లోకల్' కింద 'షేర్' ఫోల్డర్‌లో దాచుకుంటుంది. మీరు కొట్టిన అక్షరాలతో మొదలయ్యే పాత లైన్ ఆ ఫైల్‌లో దొరికితే దాన్ని చూపిస్తుంది, అంతే. వైఫై ఆపేసి చూడండి, అయినా వస్తుంది. కమాండ్లు రాసిపెట్టే ఏఐ టూల్స్ సంగతి వేరు, వాటిలో చాలావరకు మీరు కొట్టింది బయటి సర్వర్‌కి పంపుతాయి. రెండూ ఒకటే అనుకోవద్దు.

ట్యాబ్ కొడితే కూడా కమాండ్ పూర్తవుతుంది కదా, మరి దీనికీ దానికీ తేడా ఏంటి?

ట్యాబ్ కొడితే ఇక్కడ ఏవేం కుదురుతాయో చెబుతుంది: ఈ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లు, ఈ గిట్ రిపోలో ఉన్న బ్రాంచ్‌లు, ఈ కమాండ్‌కి ఉన్న ఆప్షన్లు. హిస్టరీ సజెషన్ మీరు ఇంతకుముందు ఏం కొట్టారో చెబుతుంది. అందుకే ఎప్పుడూ వాడని కమాండ్‌కి హిస్టరీ నుంచి సజెషన్ రాదు, నిన్న డిలీట్ చేసిన ఫైల్ పేరు మాత్రం రావచ్చు. ఫిష్ ఇక్కడ కాస్త తెలివైనది. పాత కమాండ్‌లో ఉన్న ఫైల్ ఇప్పుడు లేకపోతే ఆ కమాండ్‌ని చూపించదు. హిస్టరీలో ఏమీ దొరక్కపోతే ట్యాబ్‌తో వచ్చే జవాబుల్లోంచే ఒకటి తీసుకుంటుంది.

ఏ షెల్‌లో ఇది ముందే ఉంటుంది?

ఫిష్‌లో ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసి తెరిస్తే చాలు, సెట్టింగ్ ఏమీ అక్కర్లేదు. ఫిష్ 2005లో వచ్చింది, ఈ సజెషన్లు దాని రెండో వెర్షన్‌తో చేరాయి. మిగతా షెల్స్‌లో మీరు చూసేది చాలావరకు దాన్ని చూసి చేసినదే. జెడ్‌షెల్‌కి ప్లగిన్ పెట్టుకోవాలి. కొత్త పవర్‌షెల్‌లో ముందే ఆన్ అయి ఉంటుంది. బ్యాష్‌లో ఉండదు.

పై బాణం ఉంది, హిస్టరీలో వెతకడానికి కంట్రోల్ ఆర్ ఉంది. ఇంకా ఇదెందుకు?

నిన్నటి కమాండ్ కోసం పై బాణాన్ని టకటకా కొడుతూ పోవడం అందరికీ అలవాటే. కంట్రోల్ ఆర్ అంతకంటే నయం, కానీ "ఇది ఇంతకుముందు కొట్టాను, వెతకాలి" అని ముందు మీకు గుర్తుకు రావాలి. సజెషన్‌తో ఆ అవసరం లేదు. ఫైళ్లు ఇంకో మెషీన్‌కి కాపీ చేసే 'ఆర్‌సింక్' కొట్టడం మొదలుపెడతారు. పోయిన వారం ఆలోచించి పెట్టుకున్న ఆప్షన్లు, అటు సర్వర్ పేరు, ఇటు ఫోల్డర్ పేరు, అన్నీ కళ్ల ముందుకొస్తాయి. ఆ కమాండ్ కొట్టిన సంగతే మర్చిపోయి ఉంటారు. నా లెక్కలో దీని అసలు లాభం వేగం కాదు, మర్చిపోయినది ఎదురుగా వచ్చి నిలబడటం.

కొత్తగా నేర్చుకుంటున్నాను. ఇది పెట్టుకుంటే కమాండ్లు గుర్తుండవేమోనని టెన్షన్‌గా ఉంది.

కొంత నిజమే. పొడవాటి ఆప్షన్లు గుర్తుండవు, ఉండాల్సిన పని కూడా లేదు. అయితే బాణం నొక్కే ముందు ప్రతి ఆప్షన్ ఏం చేస్తుందో చెప్పగలుగుతున్నారా అని చూసుకోండి. 'టార్' కమాండ్‌లో ఎక్స్, జెడ్, ఎఫ్ దేనికో తెలియకుండా ఆరు నెలలు నడిపేవాళ్లు ఉంటారు. ఇంటర్వ్యూలో ఖాళీ టెర్మినల్ ఇచ్చినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

## పెట్టుకునేటప్పుడు

మ్యాక్‌లో, ఉబుంటులో జెడ్‌షెల్‌కి ఎలా పెట్టాలి?

ప్లగిన్ పేరు జెడ్‌ఎస్‌హెచ్ ఆటోసజెషన్స్. మ్యాక్‌లో 2019లో వచ్చిన కాటలీనా నుంచి జెడ్‌షెల్లే డిఫాల్ట్, కాబట్టి హోమ్‌బ్రూ అనే ఇన్‌స్టాలర్‌తో ప్లగిన్ ఒక్కటి దించుకుంటే చాలు. ఉబుంటులో ముందు జెడ్‌షెల్, తర్వాత ఇదే పేరుతో ఉన్న ప్యాకేజీ 'ఆప్ట్'తో పెట్టుకోవాలి. ఇన్‌స్టాల్ అవగానే పని అయిపోదు. మీ 'డాట్ జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ' ఫైల్‌లో ఆ ప్లగిన్ ఫైల్‌ని 'సోర్స్' చేసే లైన్ పెట్టాలి. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఓ మై జెడ్‌ఎస్‌హెచ్ (జెడ్‌షెల్‌కి రెడీమేడ్ సెట్టింగుల కట్ట) వాడేవాళ్లు ప్లగిన్‌ని కస్టమ్ ప్లగిన్స్ ఫోల్డర్‌లోకి క్లోన్ చేసి, ప్లగిన్ల జాబితాలో పేరు చేర్చాలి. తర్వాత కొత్త టెర్మినల్ తెరవండి. పాత విండోలో కనిపించట్లేదని కంగారుపడొద్దు.

ఆఫీసు సర్వర్లన్నీ బ్యాష్‌వే. షెల్ మార్చకుండా కుదరదా?

రెండు దారులున్నాయి. మొదటిది బీఎల్‌ఈ డాట్ ఎస్‌హెచ్. పూర్తిగా బ్యాష్‌లోనే రాసిన ఈ ప్రాజెక్ట్ బ్యాష్‌కి కూడా ఫిష్ లాంటి సజెషన్లు తెస్తుంది. బాగా పనిచేస్తుంది కానీ బ్యాష్ ఇన్‌పుట్ పద్ధతినే మార్చేస్తుంది, పాత మెషీన్లలో కొంచెం బరువుగా అనిపించవచ్చు.

రెండోది ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేని దారి, నేను ముందు చెప్పేది ఇదే. ఉబుంటు, డెబియన్లలో 'ఈటీసీ' కింద 'ఇన్‌పుట్‌ఆర్‌సీ' ఫైల్ తెరిస్తే, పేజ్ అప్, పేజ్ డౌన్ కీలతో హిస్టరీ వెతికే రెండు లైన్లు హ్యాష్ గుర్తు వెనక నిద్రపోతుంటాయి. వాటిని మీ హోమ్‌లోని 'డాట్ ఇన్‌పుట్‌ఆర్‌సీ' ఫైల్‌లోకి కాపీ చేసుకుని హ్యాష్ తీసేయండి. ఆ ఫైల్ కొత్తగా చేస్తుంటే 'డాలర్ ఇన్‌క్లూడ్' అనే మాట, దాని పక్కన 'ఈటీసీ'లోని అసలు ఫైల్ దారి మొదటి లైన్‌గా పెట్టండి. లేదంటే మిగతా డిఫాల్ట్ సెట్టింగులు పోతాయి. ఇక 'డాకర్' అని కొట్టి పేజ్ అప్ నొక్కితే డాకర్‌తో మొదలైన పాత కమాండ్లు మాత్రమే వస్తాయి. బూడిద రంగు హంగామా ఉండదు, ఉపయోగంలో ముప్పాతిక వంతు దక్కుతుంది.

విండోస్‌లో పవర్‌షెల్ వాడతాను. నాకు వస్తుందా?

పవర్‌షెల్ 7 కొత్త వెర్షన్లలో అయితే ఏమీ చేయకుండానే వస్తుంది. విండోస్‌తో పాటు వచ్చే 5.1లో ఉన్న పీఎస్‌రీడ్‌లైన్ మాడ్యూల్ పాతది, అందులో ఈ సదుపాయం లేదు. మాడ్యూల్ అప్‌డేట్ చేసుకుని, ప్రెడిక్షన్ సోర్స్‌గా హిస్టరీని ఎంచుకోవాలి. ఎఫ్2 నొక్కి చూడండి, ఒక్క సజెషన్ బదులు కింద జాబితాలా పరుచుకుంటుంది. ఇది నాకు భలే నచ్చింది.

ప్లగిన్ పనిచేస్తోంది, కానీ టెర్మినల్ మూసి మళ్లీ తెరిస్తే ఒక్క సజెషన్ కూడా రావట్లేదు.

తప్పు ప్లగిన్‌ది కాదు, మీ హిస్టరీ ఫైల్‌లోకే వెళ్లట్లేదు. ఏ సెట్టింగూ లేని జెడ్‌షెల్ మెమరీలో 30 కమాండ్లే ఉంచుకుంటుంది, ఫైల్‌లోకి రాసేది సున్నా. మూడు వేరియబుల్స్ చూడండి: ఫైల్ ఎక్కడో చెప్పే హిస్ట్‌ఫైల్, మెమరీలో ఎన్నో చెప్పే హిస్ట్‌సైజ్, ఫైల్‌లో ఎన్నో చెప్పే సేవ్‌హిస్ట్. అన్నీ పెద్దక్షరాల్లోనే. సేవ్‌హిస్ట్ లేకపోతే మొదటి రెండూ ఉండీ లాభం లేదు.

హిస్టరీ ఎంత సైజు పెట్టుకోవాలి? పెద్దదైతే డిస్క్ నిండిపోతుందా?

బ్యాష్ డిఫాల్ట్ 500 కమాండ్లు, ఉబుంటు దాన్ని మెమరీకి 1000, ఫైల్‌కి 2000 చేసి ఇస్తుంది. రోజంతా టెర్మినల్‌లో ఉండేవాళ్లకి ఇది ఏ మూలకీ చాలదు. ఓ మై జెడ్‌ఎస్‌హెచ్ మెమరీకి 50,000, ఫైల్‌కి 10,000 పెడుతుంది, ఆ స్థాయి సరిపోతుంది. యాభై వేల లైన్లంటే ఫైల్ కొన్ని ఎంబీలే. డిస్క్ గురించి ఆలోచించే కాలం ఎప్పుడో పోయింది.

## రోజూ వాడేటప్పుడు

'ఆర్‌ఎమ్' అని కొట్టాను, వెనక బూడిద రంగులో పెద్ద డిలీట్ కమాండ్ కనిపిస్తోంది. చూసుకోకుండా ఎంటర్ కొట్టేశాను. అంతా పోయిందా?

పోలేదు. ఫిష్‌లో అయినా, జెడ్‌షెల్ ప్లగిన్‌లో అయినా ఎంటర్ కొడితే మీరు కొట్టిన అక్షరాలు మాత్రమే నడుస్తాయి. బూడిద రంగులో ఉన్నది ఇంకా మీ లైన్‌లోకి రాలేదు. వట్టి 'ఆర్‌ఎమ్' అయితే "ఫైల్ పేరేది?" అన్నట్టు ఒక ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటుంది.

అసలు ప్రమాదం కుడి బాణం దగ్గరుంది. కర్సర్ లైన్ చివర ఉండగా దాన్ని నొక్కితే మొత్తం సజెషన్ మీ లైన్ అయిపోతుంది. కుడి బాణం, ఎంటర్ రెండూ ఒకే ఊపులో కొట్టడం చేతికి అలవాటైపోతుంది చూడండి, దాన్నే మానుకోవాలి. డిలీట్ కమాండ్లు, గిట్‌లో ఫోర్స్ పుష్‌లు అసలు సజెషన్‌గానే రాకూడదంటే జెడ్‌షెల్ ప్లగిన్‌లో హిస్టరీ ఇగ్నోర్ అనే వేరియబుల్‌లో ఆ ప్యాటర్న్ పెట్టొచ్చు. కమాండ్ హిస్టరీలో ఉంటుంది, సజెషన్‌గా మాత్రం రాదు.

మొత్తం అక్కర్లేదు, సగం వరకే తీసుకోవాలి. ఎలా?

ఆల్ట్ ఎఫ్ నొక్కండి, ఒక్కో పదం చొప్పున లోపలికి వస్తుంది. ఉదాహరణకి సజెషన్ 'క్యూబ్‌సీటీఎల్ లాగ్స్ హైఫన్ ఎఫ్' తర్వాత నిన్నటి పాడ్ (క్యూబర్నెటీస్ నడిపే కంటైనర్ గుంపు) పేరు అనుకోండి. పాడ్ పేరు చివర వచ్చే గజిబిజి అక్షరాలు పాడ్ కొత్తగా మొదలైనప్పుడల్లా మారతాయి, అవి పనికిరావు. ఆల్ట్ ఎఫ్ ఒక్కోసారి నొక్కుతూ పాడ్ పేరుకి ముందు ఆగి, కొత్త పేరు పేస్ట్ చేసుకోవచ్చు. మ్యాక్‌లో ఆప్షన్ కీ విచిత్రమైన గుర్తులు రాస్తుంటే, టెర్మినల్ సెట్టింగుల్లో దాన్ని మెటా కీగా వాడమని టిక్ పెట్టాలి.

ఎప్పుడూ స్పెల్లింగ్ తప్పు కొట్టిన కమాండే చూపిస్తోంది. విసుగొస్తోంది.

జెడ్‌షెల్ ప్లగిన్ డిఫాల్ట్‌గా అన్నిటికంటే కొత్తగా కొట్టిన లైన్‌ని ఎంచుకుంటుంది, అది పనిచేసిందా ఫెయిలైందా అని చూడదు. కాబట్టి సరైన కమాండ్‌ని ఒక్కసారి పూర్తిగా కొట్టి నడిపితే అదే ముందుకొస్తుంది. అయినా ఏదో ఒక అక్షరం దగ్గర పాత తప్పు కమాండ్ అడ్డొస్తుంటే హిస్టరీ లోంచి పీకేయాలి. బ్యాష్‌లో 'హిస్టరీ హైఫన్ డి', పక్కన ఆ లైన్ నంబర్. ఫిష్‌లో 'హిస్టరీ డిలీట్' అని, పక్కన ఆ కమాండ్‌లోని ఒక ముక్క ఇస్తే, ఏది తీసేయాలో అడుగుతుంది. జెడ్‌షెల్‌లో ఎలాగో కింద పాస్‌వర్డ్ల దగ్గర చెప్పాను.

రెండు ట్యాబ్‌లు తెరిచి పెట్టుకుంటాను. ఒకదాంట్లో కొట్టినది రెండోదాంట్లో రావట్లేదు.

బ్యాష్ హిస్టరీని ఫైల్‌లోకి రాసేది షెల్ మూసేటప్పుడే. పైగా 'హిస్ట్‌అపెండ్' ఆప్షన్ లేకపోతే చివర మూసిన విండో ముందువాళ్లు రాసినదాని మీద తన హిస్టరీ రాసేస్తుంది. కమాండ్లు ఇలా కూడా పోతుంటాయి. ఆ ఆప్షన్ ఆన్ చేసి, ప్రాంప్ట్ కమాండ్ వేరియబుల్‌లో 'హిస్టరీ హైఫన్ ఎ' పెడితే కొట్టిన ప్రతి కమాండ్ వెంటనే ఫైల్‌లో చేరుతుంది, ఆ తర్వాత కొత్తగా తెరిచే ట్యాబ్‌లో కనిపిస్తుంది.

జెడ్‌షెల్‌లో షేర్ హిస్టరీ అనే ఆప్షన్ ఆన్ చేస్తే విండోలన్నీ ఒకే హిస్టరీ పంచుకుంటాయి. కొందరికి ఇది చిరాకు: ఇటు పై బాణం కొడితే అటు ట్యాబ్‌లో కొట్టినది వస్తుంది. అలాంటివాళ్లు దాని బదులు ఇంక్రిమెంటల్ అపెండ్ ఆప్షన్ వాడుకోవాలి. రెండూ కలిపి పెట్టొద్దు.

కమాండ్ మొదలు గుర్తులేదు, మధ్యలో ముక్క ఒకటే గుర్తుంది. సజెషన్ రావట్లేదు.

రాదు. ఇన్‌లైన్ సజెషన్ లైన్ మొదటి అక్షరాల నుంచే పోల్చుకుంటుంది. ఇలాంటప్పుడు కంట్రోల్ ఆర్ కావాలి, దానికి ఎఫ్‌జెడ్‌ఎఫ్ తోడైతే ఇంకా బాగుంటుంది. 2013 నుంచి ఉన్న ఈ చిన్న ప్రోగ్రామ్ కంట్రోల్ ఆర్‌ని పెద్ద జాబితాగా మార్చేస్తుంది. గుర్తున్న ముక్కల్ని ఏ వరసలోనైనా, మధ్యలో స్పేస్ ఇచ్చి కొట్టొచ్చు: 'డంప్ గ్జిప్' అన్నా, 'గ్జిప్ డంప్' అన్నా అదే బ్యాకప్ కమాండ్ దొరుకుతుంది. ఎంటర్ కొడితే ప్రాంప్ట్ మీదికి వస్తుంది కానీ వెంటనే నడవదు, మార్చుకునే వీలుంటుంది.

## మొరాయించినప్పుడు

అంతా సరిగ్గానే పెట్టాను, కానీ బూడిద రంగు టెక్స్టే కనిపించట్లేదు.

ముందుగా నాలుగక్షరాలు కొట్టి కుడి బాణం నొక్కండి. కమాండ్ పూర్తయితే సజెషన్ వస్తున్నట్టే, రంగు మీ బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోయింది. జెడ్‌షెల్ ప్లగిన్ డిఫాల్ట్‌గా 8వ నంబర్ రంగు వాడుతుంది. సోలరైజ్డ్ డార్క్ లాంటి థీమ్‌లలో ఆ 8వ రంగూ బ్యాక్‌గ్రౌండూ దాదాపు ఒకటే. ప్లగిన్ హైలైట్ స్టైల్ వేరియబుల్‌లో వేరే నంబర్ ఇవ్వండి, 240 లాంటిది బాగుంటుంది. టీమక్స్ (ఒకే టెర్మినల్‌లో చాలా విండోలు నడిపే ప్రోగ్రామ్)లోకి వెళ్లాకే మాయమవుతుంటే, అక్కడ టెర్మినల్ రకం 8 రంగులదిగా సెట్ అయి ఉంటుంది. దాన్ని 256 రంగులదిగా మార్చాలి.

కంట్రోల్ ఆర్‌లో కావలసింది దాటిపోయానని, తిరిగి దాని దగ్గరికి రావడానికి కంట్రోల్ ఎస్ కొట్టాను. టెర్మినల్ బిగుసుకుపోయింది!

కంట్రోల్ క్యూ కొట్టండి, కదులుతుంది. స్క్రీన్ మీదికి వచ్చేదాన్ని ఆపడానికి పాతకాలం టెర్మినల్స్‌లో పెట్టిన సంకేతం కంట్రోల్ ఎస్. అది ఇంకా అలాగే ఉండిపోయింది.

పెద్ద స్క్రిప్ట్ పేస్ట్ చేస్తే అక్షరం అక్షరం నత్తనడకన పడుతోంది.

పేస్ట్ అవుతున్న ప్రతి అక్షరానికీ ప్లగిన్ హిస్టరీ వెతుకుతోంది. బఫర్ మ్యాక్స్ సైజ్ అనే వేరియబుల్‌కి 20 ఇస్తే, లైన్ అంతకంటే పొడవైనప్పుడు వెతకడం మానేస్తుంది. సింటాక్స్ హైలైటింగ్ ప్లగిన్ కూడా ఉంటే దాన్ని ఫైల్‌లో అన్నిటికంటే చివర లోడ్ చేయండి.

ఫోల్డర్ పేరు తెలుగులో ఉంటే సజెషన్ చెదిరిపోతోంది, కర్సర్ ఎక్కడో నిలబడుతోంది.

టెర్మినల్ స్క్రీన్‌ని గళ్లుగా లెక్కపెడుతుంది. 'లక్ష్మి' లాంటి మాటలో ఒత్తులు, గుడి కలిసి ఎన్ని గళ్లు తీసుకుంటాయో షెల్ లెక్క ఒకటి, టెర్మినల్ లెక్క ఇంకొకటి. అందుకే కర్సర్ పక్కకి జరుగుతుంది. కంట్రోల్ ఎల్ కొడితే స్క్రీన్ మళ్లీ గీస్తుంది కానీ అది తాత్కాలికం. పేరు తెలుగులోనే ఉంచి, దానికి ఇంగ్లిష్ పేరుతో ఒక సింబాలిక్ లింక్ (అసలు ఫోల్డర్‌కి దారి చూపే మారుపేరు) చేసుకోండి, కమాండ్లలో ఆ లింక్ వాడండి.

ఇంకో విషయం. జెడ్‌షెల్ హిస్టరీ ఫైల్‌ని ఎడిటర్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తుల్లా కనిపిస్తాయి. ఫైల్ పాడవలేదు. కొన్ని బైట్లను జెడ్‌షెల్ తనదైన పద్ధతిలో మార్చి దాచుకుంటుంది. 'హిస్టరీ' కమాండ్ ఇస్తే తెలుగు సరిగ్గానే వస్తుంది.

ఎస్‌ఎస్‌హెచ్‌తో సర్వర్‌లోకి వెళ్లగానే సజెషన్లు పోతున్నాయి.

అక్కడ నడిచేది ఆ సర్వర్‌లోని షెల్, చూసేది ఆ సర్వర్‌లోని హిస్టరీ. మీ ల్యాప్‌టాప్ సెట్టింగులు వెంట రావు. డాకర్ కంటైనర్‌లో అయితే కంటైనర్ తీసేస్తే హిస్టరీ కూడా పోతుంది.

## పాస్‌వర్డ్లు, ఆఫీసు మెషీన్లు

కమాండ్‌లోనే పాస్‌వర్డ్ కొట్టేశాను. ఇప్పుడు ప్రతిసారీ సజెషన్‌గా వస్తోంది!

ముందు పాస్‌వర్డ్ మార్చండి. లైన్ తీసేయడం తర్వాత సంగతి. అది ఇప్పటికే బ్యాకప్‌లోకి వెళ్లి ఉండొచ్చు, ఇంకో తెరిచిన విండో మెమరీలో ఉండొచ్చు, మెషీన్‌లోకి చొరబడినవాళ్లు మొదట తెరిచే ఫైళ్లలో హిస్టరీ ఒకటి. మార్చాక, బ్యాష్‌లో 'హిస్టరీ హైఫన్ డి'తో ఆ లైన్ తీసి 'హిస్టరీ హైఫన్ డబ్ల్యూ'తో ఫైల్‌లోకి రాయండి. జెడ్‌షెల్‌లో మిగతా విండోలన్నీ మూసి, ఫైల్‌లోంచి లైన్ తీసేసి, ఆ ఉన్న ఒక్క షెల్‌ని కూడా హిస్టరీ రాయకుండా మూయాలి. లేదంటే మెమరీలో ఉన్నది మళ్లీ ఫైల్‌లోకి వచ్చి కూర్చుంటుంది.

అసలు హిస్టరీలో పడకుండా కొట్టడం ఎలా?

కమాండ్‌కి ముందు ఒక స్పేస్ ఇవ్వండి. ఫిష్‌లో ఇది ఎప్పుడూ పనిచేస్తుంది. బ్యాష్‌లో హిస్ట్‌కంట్రోల్ వేరియబుల్‌లో 'ఇగ్నోర్‌స్పేస్' లేదా 'ఇగ్నోర్‌బోత్' ఉండాలి, ఉబుంటులో మామూలు యూజర్‌కి ముందే ఉంటుంది. జెడ్‌షెల్‌లో హిస్ట్ ఇగ్నోర్ స్పేస్ ఆప్షన్ ఆన్ చేయాలి. పవర్‌షెల్ ఇంకో అడుగు ముందుకేసి, లైన్‌లో పాస్‌వర్డ్, టోకెన్, సీక్రెట్ లాంటి మాటలుంటే ఫైల్‌లోకి రాయదు. కానీ స్పేస్ పెట్టినా ఆ కమాండ్ నడుస్తున్నంతసేపూ, నడుస్తున్న ప్రోగ్రామ్‌లని చూపే 'పీఎస్' జాబితాలో పాస్‌వర్డ్ కనిపించే అవకాశం ఉంది. పాస్‌వర్డ్ అడిగించుకునే పద్ధతి ఉన్నచోట దాన్నే వాడండి. మైసీక్వెల్‌కి 'హైఫన్ పి' ఇచ్చి అక్కడితో ఆగితే, అదే అడుగుతుంది.

మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేస్తే ఇంకో క్లయింట్ సర్వర్ పేరు సజెషన్‌లో బయటపడింది. దీనికి ఏం చేయాలి?

షేర్ చేసే ముందు ఖాళీ హిస్టరీతో షెల్ తెరవండి. ఫిష్‌ని 'హైఫన్ హైఫన్ ప్రైవేట్'తో మొదలుపెడితే పాత హిస్టరీ కనిపించదు, కొత్తది దాచుకోదు. జెడ్‌షెల్‌లో 'ఎఫ్‌సీ హైఫన్ పి' (చిన్న పి) కొడితే హిస్టరీ పక్కకి వెళ్తుంది, పని అయ్యాక పెద్ద పి తో తిరిగి వస్తుంది. డెమోలు, క్లాసులు చెప్పేవాళ్లు దీన్ని అలవాటు చేసుకోవడం మంచిది.

ప్రొడక్షన్ సర్వర్‌లో పెట్టొచ్చా?

నేనైతే పెట్టను. ఒకే లాగిన్‌ని నలుగురు వాడే సర్వర్‌లో నిన్న ఇంకెవరో రీస్టార్ట్ కోసం కొట్టిన కమాండ్ ఇవాళ మీ వేలి కింద సజెషన్‌గా వస్తుంది. అలాంటి చోట బ్యాష్ హిస్టరీకి తేదీ, టైమ్ చేర్చే హిస్ట్‌టైమ్‌ఫార్మాట్ వేరియబుల్ ఎక్కువ పనికొస్తుంది. ఎప్పుడు ఏం నడిచిందో కనీసం చూసుకోవచ్చు.

## ఇంకొంచెం కావాలంటే

ఇంట్లో ఒక మెషీన్, ఆఫీసులో ఒకటి. హిస్టరీ రెండిట్లో ఒకటే ఉండాలంటే?

అటుయిన్ అనే టూల్ చూడండి. హిస్టరీని మామూలు ఫైల్‌లో కాకుండా ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో పెడుతుంది. ఏ ఫోల్డర్‌లో కొట్టారు, ఎంతసేపు నడిచింది, ఫెయిలైందా అన్నీ రాసుకుంటుంది, అందువల్ల ఈ ఫోల్డర్‌లో వాడినవి మాత్రమే చూపించమని అడగొచ్చు. సింక్ అయ్యేది మీ మెషీన్‌లోనే ఎన్‌క్రిప్ట్ అయ్యాక వెళ్తుంది, కావాలంటే సర్వర్ కూడా మీరే నడుపుకోవచ్చు. మూడు జాగ్రత్తలు. పై బాణాన్ని కూడా అదే తీసేసుకుంటుంది, నచ్చకపోతే సెటప్‌లో వద్దని చెప్పాలి. కొత్తగా పెట్టుకున్నవాళ్లకి దాని జాబితాలో ఎంటర్ కొడితే కమాండ్ వెంటనే నడిచిపోతుంది, మార్చుకోవాలంటే ట్యాబ్ కొట్టాలి. ఆఫీసు హిస్టరీని ఇంటి మెషీన్‌కి తెచ్చుకోవడానికి కంపెనీ ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి.

చూశాను, నాకు నచ్చలేదు. ఆపేయడం ఎలా?

ఫిష్‌లో 'ఫిష్ ఆటోసజెషన్ ఎనేబుల్డ్' వేరియబుల్‌కి 0 ఇవ్వండి. పవర్‌షెల్‌లో ప్రెడిక్షన్ సోర్స్‌ని 'నన్' చేయండి. జెడ్‌షెల్‌లో సోర్స్ చేసే లైన్ ముందు హ్యాష్ పెట్టండి. ఎక్కడా హిస్టరీ పోదు, కంట్రోల్ ఆర్ ఎప్పటిలాగే పనిచేస్తుంది.